అండమాన్ యాత్ర

బంగాళాఖాతంలో, తెలుగు తీరానికి ఆగ్నేయంగా 800కు పైగా దీవుల సముదాయం ఉంది. అవే అండమాన్ నికోబార్ దీవులు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వాసులకు అక్కడికి రెండు మార్గాలున్నాయి. మొదటిది శంషాబాదు నుండి విమానయానం. రెండవది ఎల్.బి.నగర్ కూడలిలో విజయవాడ రహదారి పట్టి విశాఖపట్నం చేరి, అక్కడ నౌక ఎక్కడం. నౌకలో రెండు రోజులకు పైగా పడుతుంది. నౌకలు ప్రతిదినమూ ఉండవు. వేళలు తెలుసుకొనక ఇల్లు కదలరాదు. రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది.

డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు యాత్రకు అనువైన కాలం. మే నుండి వర్షాలు విస్తారం. సముద్రం అల్లకల్లోలమైతే దీవుల మధ్య పడవలు నిలిచిపోతాయి. కనుక తిరుగు ప్రయాణానికి ఒకరోజు ముందే రాజధానికి చేరుకోవాలి. శీతకాలంలో సాయంత్రం ఐదు దాటగానే చీకటి కమ్ముకొంటుంది; సందర్శనలు వేకువనే ఆరంభించాలి. మొసళ్ల హెచ్చరిక ఉన్నచోట నీటిలో దిగరాదు.

శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వలస వెళ్లిన తెలుగువారు అక్కడ ఎందరో ఉన్నారు. కాబట్టి మన భాష వినిపించి మనసు కుదుటపడుతుంది. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు ఏడు శాఖలలో నేడు మూడే మిగిలాయి. స్వాతంత్ర్య యోధులు యాతనలు అనుభవించిన ఆ గదుల ముందు మౌనంగా నిలవడమే మర్యాద.

పగడపు దిబ్బ చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఒక్క అడుగుతో ఏండ్ల పెరుగుదల విరిగిపోతుంది. పగడాలు ఏరుకొని తెచ్చుట నేరం. జారవాల ఛాయాచిత్రాలు తీయుట, వారికి తినుబండారాలిచ్చుట కూడా నేరమే. వారి అడవి మనకు వినోదశాల కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, లిటిల్ అండమాన్‌లోని ఓంగీలు ముందే ఎత్తైన చోటికి చేరి ప్రాణాలు దక్కించుకొన్నారు. నేల గట్టిగా కంపించినా, సముద్రం హఠాత్తుగా వెనక్కి తగ్గినా యాత్రికులు చేయవలసిందీ అదే.

అతిథి వెళ్లిపోయిన తరువాత ఇల్లు ఎట్లున్నదో అట్లే ఉండాలి. దీవి విషయంలోనూ అదే ధర్మం.

కఠిన పదాలు: అల్లకల్లోలం = కలత; యాతన = తీవ్రబాధ; విస్తారం = అధికం

ప్రశ్నలు
1. తిరుగు ప్రయాణానికి ముందురోజే రాజధానికి ఎందుకు చేరుకోవాలి?
2. ఓంగీల నుండి యాత్రికులు నేర్చుకోదగినదేమి?
3. ‘దీవికి యాత్రికుడు అతిథి’ – వివరించండి.