గడ్డని పారేయకండి! (కుక్కల కేన్సర్ పరిశోధనకి మనం చేయగల సాయం)

నాలుగేళ్ళ క్రితం సంగతి. కువైట్‌లో మా ఇంట్లో పెరిగిన లాబ్రడార్‌కి పొట్ట పక్కన శనగగింజంత గడ్డ లేచింది. డాక్టర్ చిన్న ఆపరేషన్ చేసి తీసేసి, "దీన్ని లాబ్‌కి పంపమంటారా?" అని అడిగాడు. నేను దినార్ల లెక్క చూసుకుని "తీసేశారు కదండీ, ఇంకెందుకు?" అన్నాను. గడ్డ చెత్తబుట్టలోకి పోయింది.

ఏడాదిన్నర తిరక్కుండా అక్కడే ఇంకోటి వచ్చింది. ఈసారి పరీక్ష చేయిస్తే మాస్ట్ సెల్ ట్యూమర్ అన్నారు. "మొదటిది ఏ రకం? ఏ గ్రేడు? అంచుల దాకా పూర్తిగా తీశారా?" అని డాక్టర్ అడిగితే నా దగ్గర జవాబు లేదు. సర్వర్ కూలిపోయాక లాగ్ ఫైల్ ఏదీ అని అడిగితే, డిస్క్ నిండిందని చెరిపేశాం అని చెప్పే కుర్రాడిని ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఆ రోజు ఆ కుర్రాడి స్థానంలో నేనే ఉన్నాను. మా కుక్క ఇప్పుడు లేదు. ఈ పాఠం దాని పేరు మీద రాస్తున్నదే అనుకోండి.

కుక్కల మీద పరిశోధన దేనికి?

నాలుగు కుక్కల్లో ఒకదానికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కణితి వస్తుందని అమెరికా పశువైద్యుల సంఘం చెబుతుంది. పదేళ్ళు దాటిన వాటిలో అయితే దాదాపు సగానికి కేన్సర్ వస్తుందట. లాబ్‌లో ఎలుకకి కేన్సర్‌ని మనం తెప్పించాలి. కుక్కకి అది మనకి వచ్చినట్టే దానంతటదే వస్తుంది. అది మనింట్లోనే ఉంటుంది, మనం పీల్చే గాలే పీలుస్తుంది, మన నీళ్ళే తాగుతుంది. ఆయుష్షు తక్కువ కాబట్టి మనుషుల్లో పాతికేళ్ళు పట్టే పరిశీలన కుక్కల్లో పదేళ్ళలో తేలుతుంది.

కుక్క జన్యుపటం 2005లో వెలువడింది. టాషా అనే బాక్సర్ కుక్క డీఎన్‌ఏ నుంచి 240 కోట్ల అక్షరాలు చదివారు. దాని ఫలితం ఒకటి చూడండి. మనుషుల్లో మెలనోమా అనే చర్మ కేన్సర్‌లో బీరాఫ్ అనే జన్యువులో 600వ స్థానంలో ఒక మార్పు తరచు కనిపిస్తుంది. కుక్కల మూత్రాశయ కేన్సర్‌లలో ఎక్కువ భాగంలో సరిగ్గా అదే మార్పు 595వ స్థానంలో ఉందని 2015లో తేలింది. ఈ రోజు ఆ మార్పుని మూత్రపరీక్షతో పట్టుకోవచ్చు. యజమానులు తమ కుక్కల కణితి ముక్కల్ని ఇవ్వబట్టే ఇది సాధ్యమైంది.

మన వీధుల్లోని ఉదాహరణ

మన ఊళ్ళలో వీధికుక్కలకి జననాంగాల దగ్గర కాలీఫ్లవర్ పువ్వులా, రక్తం కారుతూ ఒక గడ్డ కనిపిస్తుంది. చూసే ఉంటారు. దీన్ని సి.టి.వి.టి. అంటారు. ఇది అంటుకునే కేన్సర్. వైరస్ వల్ల కాదు, జతకట్టినప్పుడు కేన్సర్ కణాలే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కలోకి పోయి పెరుగుతాయి! 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో 43 దేశాల నుంచి 546 కణితుల జన్యువులు చదివారు. ఇదంతా 4,000 నుంచి 8,500 ఏళ్ళ క్రితం ఆసియాలో బతికిన ఒకే ఒక్క కుక్క నుంచి పుట్టిందని లెక్క తేల్చారు. ఒక్క ప్రయోగశాలలో కూర్చుని చేసే పని కాదిది. ఊరూరా ఎవరో ఒక పశువైద్యుడు ముక్క తీసి, వివరం రాసి, భద్రంగా పంపాలి.

ఈ జబ్బుకి వారానికొకటి చొప్పున ఇచ్చే మందు విన్‌క్రిస్టిన్. అది దొరికేది మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు మొక్క నుంచి. చిన్నపిల్లల ల్యుకేమియాకి ఇచ్చేదీ ఈ మందే. మనిషి వైద్యం, కుక్క వైద్యం ఎంత దగ్గరివో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

యజమానులు చేరిన పెద్ద పరిశోధనలు

అన్నిటిలోకీ చెప్పుకోదగ్గది అమెరికాలోని మోరిస్ యానిమల్ ఫౌండేషన్ 2012లో మొదలుపెట్టిన గోల్డెన్ రిట్రీవర్ జీవితకాల అధ్యయనం. మూడు వేల పైచిలుకు కుక్కల్ని చిన్న వయసులోనే చేర్చుకున్నారు. యజమాని ఏటా పొడుగాటి ప్రశ్నావళి నింపాలి. తిండేమిటి, ఎక్కడ పడుకుంటుంది, ఇంట్లో ఏ రసాయనాలు వాడతారు, ఇలా అన్నీ అందులో ఉంటాయి. డాక్టర్ ఏటా రక్తం, మూత్రం, వెంట్రుకలు, గోళ్ళు తీసి పంపాలి. ప్రధానంగా నాలుగు రకాల కేన్సర్ల కారణాలు వెతకడం వాళ్ళ ఉద్దేశం. కొత్త కుక్కల్ని చేర్చుకోవడం 2015లోనే ముగిసింది.

2019లో మొదలైన డాగ్ ఏజింగ్ ప్రాజెక్ట్‌లో 50 వేలకి పైగా కుక్కలు చేరాయి. అది అమెరికాలో ఉండే కుక్కలకే. ఇంగ్లండ్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ వారి వెట్‌కంపాస్ అయితే క్లినిక్కుల్లోని రికార్డుల్నే పేర్లు తీసేసి వాడుకుంటుంది.

మరి కువైట్‌లో ఉన్న మనం?

ఇక్కడినుంచి వాటిలో చేరలేం. అయినా చేయగలిగింది చాలా ఉంది.

1. తీసిన ప్రతి గడ్డనీ హిస్టోపాథాలజీకి పంపించండి. ముక్కని దానికి పది రెట్ల పరిమాణంలో 10 శాతం ఫార్మలిన్‌లో ఉంచాలి. ఇది డాక్టర్ చేసే పని, మన పని అడగటం. ఇంటికి తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టకండి, కణాలు పాడవుతాయి.

2. రికార్డు రాయండి. తేదీ, గడ్డ ఎక్కడ, ఎన్ని మిల్లీమీటర్లు, బరువు, మందు, మోతాదు, ఆపరేషన్ చేయించిన వయసు. వంద ఫిల్స్ నాణెం పక్కన పెట్టి ఫోటో తీయండి. ఏ యాప్‌లోనో కాదు, మామూలు సి.ఎస్.వి. ఫైల్‌లో. ఉద్యోగం మారి డల్లాస్ వెళ్ళినా, లండన్ వెళ్ళినా ఆ ఫైల్ మీతో వస్తుంది. అక్కడి అధ్యయనం అడిగే మొదటి ప్రశ్నలకి జవాబులు అందులోనే ఉంటాయి.

3. అమెరికాలో ఉన్న మిత్రుల కుక్కకి కేన్సర్ అని తెలిస్తే, పశువైద్యుల సంఘం నడిపే క్లినికల్ ట్రయల్స్ జాబితా చూడమనండి. వైద్యం మొదలుపెట్టకముందే చూడాలి. ఒక డోసు కీమో పడ్డాక చాలా ట్రయల్స్‌లో చేర్చుకోరు. ఒప్పందం చదవండి. మందు ఎవరు భరిస్తారు, దుష్ఫలితం వస్తే ఖర్చెవరిది, మధ్యలో మానేయవచ్చా అన్నవి అడగండి.

4. కుక్క పోయాక శవపరీక్షకి ఒప్పుకోవడం అన్నిటికంటే కష్టం. నేను ఒప్పుకోలేకపోయాను. ముందే ఇంట్లో మాట్లాడుకుని ఉంటే ఆ గంటలో తడబడేవాణ్ణి కాదు.

5. కుక్క లేనివాళ్ళకీ పని ఉంది. అమెరికా నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ వారి ఇంటిగ్రేటెడ్ కెనైన్ డేటా కామన్స్‌లో కుక్కల కణితుల జన్యు సమాచారం, చికిత్స వివరాలు అందరికీ తెరిచి పెట్టారు. పైథాన్, ఎస్‌క్యూఎల్ వచ్చిన వాళ్ళకి శుక్రవారం సెలవు చాలు మొదలుపెట్టడానికి. జీవశాస్త్రం తెలిసినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. గజిబిజి టేబుళ్ళని శుభ్రం చేయడం, ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం మనకి తెలిసిన విద్య.

ఒక హెచ్చరిక. మన రికార్డు వల్ల మన కుక్క బతుకుతుందని చెప్పలేను. ఒక్క కుక్క ఫైల్ ఒక్క వరుస మాత్రమే. కానీ వరుసలు లేనిదే టేబుల్ లేదు. నేను పారేసిన వరుస ఇంక దొరకదు. మీది పారేయకండి.