చిన్న పిల్లలకు బంతి వెయ్యడం, పట్టడం నేర్పేదెలా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే ముందు కవిత రాద్దామనుకున్నాను, కుదరలేదు. ఏడేళ్ళు ఈ హాస్టల్లో ఉండి చదువుకుని, మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణయ్యాను. ఇప్పుడు ఎం.పి.ఇడి. చదువుతున్నాను. కాబట్టి నాకు తెలిసిన ఒక పాఠమే రాస్తున్నాను. మన హాస్టల్లో మూడు, నాలుగు తరగతుల పిల్లలకు సాయంత్రం ఆటలు నేర్పేది పెద్ద తరగతుల వాళ్ళే. ఇది ముఖ్యంగా వాళ్ళ కోసం.

ముందు నా సంగతి చెప్పాలి. ప్రాథమిక పాఠశాలలో ఉన్నప్పుడు ఒకరోజు కార్క్ బంతి నా ముక్కుకు తగిలి రక్తం వచ్చింది. ఆ తర్వాత బంతి ఎటువైపు నుంచి వచ్చినా మొహం పక్కకు తిప్పేసేవాణ్ణి. "వీడికి చేతకాదు" అని నన్ను బౌండరీ అవతల బంతులు తేవడానికి పెట్టారు. దాదాపు మూడేళ్ళు అదే పని. క్యాచ్ ఎలా పట్టాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ఇంత అనుభవం ఉండి కూడా బి.పి.ఇడి. బోధనాభ్యాసంలో మొదటిరోజు నేను అదే తప్పు చేశాను. ఒకటి, రెండు తరగతుల పిల్లలు 30 మంది, ఒకే టెన్నిస్ బంతి. గుండ్రంగా నిలబెట్టి, బంతి జారవిడిచినవాళ్ళు అవుట్ అన్నాను. పది నిమిషాల్లో సగంమంది గోడ పక్కన కూర్చున్నారు. ఒక పాప కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు కర్రల్లా చాపి నిలబడింది. బంతి మోచేతికి తగిలి పోయింది. ఏమీ అనకుండా తనే వెళ్ళి గోడ దగ్గర కూర్చుంది. ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాళ్ళనే ముందు బయటికి పంపే ఆట అది. ఆ ఆట పెట్టింది నేనే.

మర్నాటికి పాత దుప్పటి చింపి 15 గుడ్డ బంతులు కట్టాను. ఇద్దరికి ఒక బంతి, అవుట్ లేదు. పట్టుకుంటే ఒక అడుగు వెనక్కి, జారితే ఒక అడుగు ముందుకు. మొదలు పెట్టేటప్పుడు ఇద్దరి మధ్య దూరం రెండడుగులు చాలు. ఈ పద్ధతిలో బంతి జారేవాడికి ఆట సులభమవుతుంది గానీ ఆగిపోదు.

మొదట కింది నుంచి వెయ్యడం, అంటే అండర్ ఆర్మ్ త్రో, నేర్పాలి. భుజం మీది నుంచి విసిరిన బంతి వేగంగా మొహం మీదికి వస్తుంది. కింది నుంచి వేసింది పైకి లేచి, మెల్లగా వంగి దిగుతుంది. అవతలి పిల్లవాడికి చూసుకునే సమయం ఉంటుంది. వేసేటప్పుడు పిల్లలు తరచుగా ఏ చేత్తో వేస్తే ఆ కాలే ముందుకు పెడతారు. దాంతో ఒళ్ళు తూలుతుంది. "ఎడమ కాలు, కుడి చెయ్యి" అని అరిస్తే ఆరేళ్ళ పిల్లలకు అర్థం కాదు, నేను అరిచి చూశాను. వాళ్ళను ఊరికే నడిపించి, "ఆగండి" అనండి. ఎడమ కాలు ముందుంటే కుడి చెయ్యి ముందుంటుంది. బంతి వెయ్యడం కూడా నడక లాంటిదేనని చూపిస్తే చాలు. ఎడమచేతి వాటం పిల్లలు కుడి కాలు ముందు పెడతారు, వాళ్ళ చెయ్యి మార్చించకండి.

చెయ్యి వెనక్కి ఊగి, ముందుకు వచ్చి, చివరికి ఎవరికి వేస్తున్నామో వాళ్ళవైపు చూపిస్తూ ఆగాలి. బంతి ముందుగా వదిలితే నేలకు కొడుతుంది, ఆలస్యంగా వదిలితే నెత్తిమీదుగా పోతుంది. మనుషులకు వేసే ముందు కొన్నిసార్లు బకెట్‌లోకి వేయిస్తే ఇది వాళ్ళకే తెలుస్తుంది.

ఇక పట్టడం. మూడేళ్ళ పిల్లలు బంతిని రెండు చేతులతో గుండెకు హత్తుకుని పడతారు. అది తప్పు కాదు, మొదటి మెట్టు. వేళ్ళతో పట్టడం తర్వాత వస్తుంది, అదీ సాధన ఉంటేనే. బంతి రొమ్ము కంటే ఎత్తుగా వస్తే బొటనవేళ్ళు దగ్గరగా, నడుము కంటే కిందికి వస్తే చిటికెన వేళ్ళు దగ్గరగా ఉండాలి. మోచేతులు కొంచెం వంగి ఉండాలి. "బంతిని చూడు" అంటే పిల్లలు మన మొహం చూస్తారు! అందుకని నేను గుడ్డ బంతుల మీద మార్కర్‌తో అక్షరాలు రాశాను. "నీకు వచ్చింది క-నా, మ-నా?" అని అడిగితే చచ్చినట్టు బంతినే చూస్తారు.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది నేను మా నాన్న దగ్గర చూశాను. నాన్న తాపీ పనిలో కూలీ. కింద ఉన్న మనిషి ఇటుక పైకి వేస్తే పరంజా మీద నాన్న అందుకునేవాడు. ఇటుక దాదాపు మూడు కిలోలుంటుంది, క్రికెట్ బంతి 163 గ్రాములకు మించదు. ఇటుక పైకి లేచి ఆగబోయే చోట చేతులు పెట్టి, తగలగానే దానితో పాటే చేతులు లోపలికి తీసుకునేవాడు. ఆగడానికి పట్టే సమయం పెరిగితే చేతికి తగిలే బలం తగ్గుతుందని మనం తొమ్మిదో తరగతి సైన్సులో చదువుతాం. నాన్ననడిగితే, "ఇటుకకు ఎదురు పోగూడదురా" అన్నాడు. క్లాసులో నేను ఇదే మాట వాడతాను. హాస్టల్లోనైతే, గుడ్డు పెట్టే రోజు దాన్ని ఎలా అందుకుంటామో గుర్తుచెయ్యండి. అమ్మ ఆడే గచ్చకాయల్లోనూ ఇదే కిటుకు. ఆడపిల్లల ఆట అని నవ్వకండి, ఒకసారి కూర్చుని ఆడి చూడండి.

ఆ పాప విషయం అడుగుతారేమో. పన్నెండో రోజున కూడా బంతి ఆమె చేతిలోంచి జారిపోయింది. కానీ మొహం తిప్పలేదు, కళ్ళు తెరిచే ఉంది. "సార్, మ వచ్చింది" అని చెప్పి, జారిన బంతి తెచ్చుకుని, ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడింది. ఆ రోజు రికార్డు పుస్తకంలో ఆమె పేరు ఎదుట టిక్కు పెట్టాను. బంతి పట్టలేదు కదా అని మా పర్యవేక్షకుడు అడిగారు. కారణం చెప్పాను. ఆయన ఒప్పుకున్నారో లేదో గానీ, టిక్కు కొట్టివేయలేదు.

బంతి కట్టడం చాలా తేలిక. చినిగిన దుప్పటి ముక్కలను బత్తాయి కాయంత ఉండగా చుట్టి, పైన సైకిల్ ట్యూబు ముక్కలు రెండు అడ్డంగా, నిలువుగా బిగించాలి. రాయి గానీ, కొబ్బరి చిప్ప గానీ లోపల పెట్టకండి. దుప్పట్లు స్టోర్ రూములో ఉంటాయి, వార్డెన్ సార్‌ను అడిగి తీసుకోండి.