కదలనిది కదిలితే కంగారొద్దు

హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. కదలకుండానే కదిలినట్టు కనిపించే బొమ్మ చూపిస్తే అల్లరి తరగతి కూడా ఇట్టే సద్దుమణిగేది. పిల్లలకు అలాంటి బొమ్మల సంగతి చెబుతూ నేను గ్రహించినవి ఇక్కడ రాస్తున్నాను.

1. చూసేది కన్ను, తేల్చేది మెదడు.
సినిమాలో సెకనుకు 24 నిశ్చల చిత్రాలు ఒకదాని వెనుక ఒకటి తెర మీద పడతాయి. వాటిని కలిపి కదలికగా మార్చేది మన మెదడే. రెండు గీతలను వెంటవెంటనే చూపిస్తే ఒకే గీత జరిగినట్టు ఉంటుందని జర్మనీలో మనస్తత్వవేత్త మాక్స్ వెర్థైమర్ 1912లోనే వివరించాడు. దీన్ని లోపమనుకోవద్దు. కొద్దిపాటి ఆధారంతో చప్పున తేల్చుకునే ఈ శక్తి వల్లే మనం రోడ్డు దాటగలుగుతున్నాం.

2. బొమ్మ తిరిగితే బెంగపడొద్దు.
జపాన్‌లోని రిత్సుమేకన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అకియోషి కితావోకా 2003లో ‘తిరిగే పాములు’ బొమ్మ గీశారు. నలుపు, నీలం, తెలుపు, పసుపు రంగులు అదే వరసలో చక్రాల్లా చుట్టూ పేర్చారు. చూపు అటూ ఇటూ పోతున్నంతసేపూ చక్రాలు తిరుగుతాయి. ఒక చుక్క మీద చూపు నిలిపితే నెమ్మదిస్తాయి. వెలుగునీడల తేడా ఎక్కువున్న చోటి నుంచి సంకేతం ముందు, తక్కువున్న చోటి నుంచి కాస్త వెనుక అందుతుందనీ, ఆ వ్యవధినే మెదడు కదలికగా లెక్కగడుతుందనీ పరిశోధకుల వివరణ. రెప్పపాటు, కనుగుడ్ల సూక్ష్మమైన కుదుపులు ఆ భ్రమను మళ్లీ మళ్లీ రేపుతాయి.

ఇలాంటి బొమ్మే ఒకటి 2018లో సోషల్ మీడియాను చుట్టేసింది. ఎంత కదిలితే అంత మానసిక ఒత్తిడి ఉన్నట్టని జపాన్ వైద్యుడెవరో చెప్పారట! నిజానికి దాన్ని 2016లో గీసింది ఉక్రెయిన్ కళాకారుడు యూరీ పెరెపాడియా. కితావోకా పద్ధతిలో గీశాననీ, అలాంటి వైద్యుడే లేడనీ ఆయనే చెప్పుకోవలసి వచ్చింది. ఈ బొమ్మలు ఎవరి ఒత్తిడినీ కొలవవు. కదలిక కనిపించనివాళ్లూ ఉంటారు, వాళ్లకూ ఏ లోపమూ లేదు.

3. ఒకవైపు కదలికనే చూస్తే ఎదురువైపు కదులుతుంది.
1834లో రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన స్కాట్లండ్‌లోని ఫాయర్స్ జలపాతాన్ని కాసేపు తదేకంగా చూసి, పక్కనున్న రాళ్ల వైపు చూపు తిప్పాడు. రాళ్లు పైకి పోతున్నట్టు కనిపించాయి. కిందికి కదలికను పసిగట్టే నాడీకణాలు అలసితే, పైకి కదలికను చెప్పేవాటి మాట నెగ్గుతుంది. కుంటాల, ఎత్తిపోతల లాంటి జలపాతాలకు వెళ్లినప్పుడు పిల్లలచేత ఈ పరీక్ష చేయించండి.

4. కదలనిదాన్ని ఆసరా చేసుకోండి.
మబ్బులు పోతుంటే చంద్రుడే పరుగెత్తుతున్నట్టు ఉంటుంది. పక్క రైలు కదిలితే మన రైలే బయల్దేరిందనుకుంటాం. అప్పుడు ప్లాట్‌ఫారం స్తంభాన్ని చూస్తే నిజం తేలిపోతుంది.

5. ఆగినట్టు కనిపించేదే ప్రమాదం.
మన కరెంటు 50 హెర్ట్జ్. పాతరకం చోక్ ఉన్న ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. ఆ వెలుతురులో నిమిషానికి 2000 చుట్లు తిరిగే లేత్ యంత్రపు చక్ (వస్తువును పట్టి తిప్పే మూడు దవడల భాగం) ఆగిపోయినట్టే కనిపించవచ్చు. అందుకే వర్క్‌షాపుల్లో లైట్లను వేర్వేరు ఫేజుల మీద వేస్తారు. ఐటీఐలో చేరే పిల్లలకు ఒకటే చెబుతాను: స్విచ్ తీసి, మోటారు ఆగిందని నిర్ధారించుకోకుండా చెయ్యి పెట్టొద్దు.

6. అన్నిటినీ భ్రమ ఖాతాలో వేయొద్దు.
బొమ్మ ఏదీ చూడకుండానే గది గిర్రున తిరుగుతుంటే తాత్సారం చేయక డాక్టరును కలవండి.

మీ మనవడో మనవరాలో ‘తాతయ్యా, ఈ బొమ్మ కదులుతోంది’ అంటే కొట్టిపారేయకండి. ఒక చక్రాన్ని వేలితో చూపి, అక్కడే చూపు నిలపమనండి. ఏమైందో వాళ్లనే చెప్పనివ్వండి. ఎందుకలా అని అడిగితే తెలిసినంత చెప్పండి, తెలియనిది వాళ్లతో కలిసి వెతకండి. ఇలా పరీక్షించి చూడడం అలవాటైన పిల్లలు రేపు ఏ తప్పుడు సందేశాన్నీ గుడ్డిగా నమ్మరు.