పర్చేజ్ విభాగంలో ఉద్యోగం: యాజమాన్యం ఏం చూస్తుంది?

సంస్థకు కావలసిన ముడిసరుకును, యంత్రాలను, సేవలను తగిన నాణ్యతతో, తగిన ధరకు, అవసరమైన వేళకు సమకూర్చే పనిని ప్రొక్యూర్‌మెంట్ అంటారు. మన కంపెనీల్లో పర్చేజ్ డిపార్ట్‌మెంట్ అన్న పాత పేరే ఎక్కువగా వినిపిస్తుంది. కొటేషన్లు తెప్పించి, బేరమాడి, ఆర్డరు పంపే గుమాస్తాగిరీ ఇది అన్న పాత అభిప్రాయమూ ఆ పేరుతోపాటే నిలిచిపోయింది. పై స్థాయి అధికారుల్లో చాలామంది ఈ విభాగాన్ని ‘ఈ ఏడాది ఎంత మిగిల్చింది’ అన్న ఒక్క ప్రశ్నతోనే కొలుస్తారు కనుక, ఈ రంగంలోకి రాదలచినవారు ఆ ప్రశ్నలోని బలాన్నీ, లోపాన్నీ ముందుగా గ్రహించాలి.

బలం లెక్కలోనే ఉంది. 100 కోట్ల రూపాయల అమ్మకాలపై 10 కోట్ల లాభం గడించే సంస్థ కొనుగోళ్లకు 60 కోట్లు వెచ్చిస్తుందనుకుంటే, ఆ ఖర్చు 5 శాతం తగ్గినా 3 కోట్లు నేరుగా లాభంలో చేరతాయి. అదే లాభశాతంతో అంతే లాభం అమ్మకాల ద్వారా రావాలంటే మరో 30 కోట్ల సరుకు అమ్మాలి.

లోపం మాత్రం సరఫరా ఆగిన రోజున గాని బయటపడదు. పీటర్ క్రాల్జిక్ 1983లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో, కొనే ప్రతి వస్తువునూ లాభంపై దాని ప్రభావం ఎంత, దాని సరఫరాలో ముప్పు ఎంత అన్న రెండు కొలతలతో చూడాలని ప్రతిపాదించాడు. హైదరాబాద్ చుట్టుపక్కల విస్తరించిన బల్క్‌డ్రగ్ పరిశ్రమకు ఈ రెండో కొలత విలువ బాగా తెలుసు. చౌకగా వస్తున్నాయని చైనా ముడిపదార్థాలపై ఆధారపడిన ఔషధ రంగం 2020లో సరఫరా ఒడిదుడుకులకు గురైంది. అదే ఏడాది కేంద్రం వాటిని దేశంలోనే తయారు చేయించడానికి 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని ప్రకటించింది. తక్కువ ధర ఒక్కటే చూసే కొనుగోలు సగం పని మాత్రమేనని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

ఆర్థిక విభాగాధిపతి చూపు నగదు మీద ఉంటుంది. తయారీ, సేవా రంగాల్లోని సూక్ష్మ, చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం నిర్దేశించగా, గడువు దాటితే ఆ ఖర్చును నిజంగా చెల్లించిన ఏడాదిలోనే పన్ను లెక్కల్లో చూపుకోవాలని 2023 ఫైనాన్స్ చట్టం నిబంధన తెచ్చింది. దీనితో బిల్లుల గడువు పన్ను భారానికీ సంబంధించిన విషయమైంది.

సాఫ్ట్‌వేర్‌పై యాజమాన్యాలకు ఆశా ఉంది, అనుమానమూ ఉంది. శాప్ అరీబా, కూపా వంటి వ్యవస్థలు ఆర్డరును, స్టోర్స్‌లో సరుకు అందినట్టు రాసిన జీఆర్ఎన్‌ను, వెండార్ బిల్లును సరిపోల్చి తేడాలను పట్టిస్తాయి. దీన్ని త్రీవే మ్యాచ్ అంటారు. అయితే ఒకే బోల్టుకు నాలుగు కోడ్‌లు ఉన్న చోట, సిబ్బంది వ్యవస్థను పక్కనపెట్టి ఫోన్‌లోనే ఆర్డర్లు ఇచ్చే చోట ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా తప్పుడు లెక్కలనే వేగంగా అందిస్తుంది. కనుక మెటీరియల్ మాస్టర్‌ను, అంటే వస్తువుల కోడ్‌ల జాబితాను శుభ్రం చేయగల యువ ఉద్యోగి విలువ తక్కువది కాదు. ప్రభుత్వ రంగంలోనూ ఈ నైపుణ్యానికి చోటుంది: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్‌ను ప్రారంభించగా, కేంద్రం 2016లో ప్రభుత్వ కొనుగోళ్ల కోసం జెమ్ పోర్టల్‌ను తెచ్చింది.

డిగ్రీ ఏదైనా ఎక్సెల్‌లో ఖర్చుల విశ్లేషణ, శాప్‌లోని మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ మాడ్యూల్, కాంట్రాక్టు చట్టం మౌలికాంశాలు నేర్చుకోవాలి. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ కోర్సులు, బ్రిటన్‌కు చెందిన సిప్స్ సంస్థ అర్హతలు అందుకు తోడ్పడతాయి. ఇంటర్వ్యూకు వెళ్లే ముందు ఆ కంపెనీ వార్షిక నివేదిక తెరిచి, లాభనష్టాల పట్టికలో వినియోగించిన ముడిసరుకు ఖర్చు అమ్మకాల్లో ఎంత శాతమో స్వయంగా లెక్కగట్టి వెళ్లండి.