దవడ ఎముకలో స్క్రూ పన్ను ఎలా అతుక్కుంటుంది?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో పళ్ళ డాక్టర్ల బోర్డుల మీద "ఇంప్లాంట్" అనే మాట ఇప్పుడు కనిపిస్తున్నది. ఊడిపోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలోకి టైటానియం స్క్రూ బిగించి, దాని మీద కృత్రిమ పన్ను అమర్చే పద్ధతి ఇది. "గట్టిగుంటదా సిస్టరమ్మా? మక్క కంకి ఎప్పుడు కొరకొచ్చు?" అని మనవాళ్ళు అడుగుతారు. జవాబు ఎముక చేతిలో ఉంది.

1952లో స్వీడన్ దేశపు వైద్యుడు బ్రానెమార్క్, ఎముకలో రక్తప్రసరణ చూడటానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చారు. తర్వాత తీయబోతే అది రాలేదు. ఎముక దానికి అతుక్కుపోయింది. 1965లో మొదటిసారి మనిషి దవడలో ఈ పద్ధతి వాడారు.

స్క్రూ బిగించగానే దాని చుట్టూ రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డలోకి ఎముకను కట్టే కణాలు వచ్చి కొత్త ఎముకను అల్లుతాయి. మొదటి రోజు ఉండే పట్టు కేవలం మరల బిగువు. మూడు నాలుగు వారాలకు పాత ఎముక కొంత కరిగిపోతుంది, కొత్తది ఇంకా ముదరదు. అప్పుడే పట్టు అన్నిటికంటే తక్కువ. చిక్కేమిటంటే, ఆ సమయానికి నొప్పి, వాపు తగ్గి మనిషికి అంతా బాగున్నట్టే ఉంటుంది, అటువైపు నమలడం మొదలుపెడతారు. స్క్రూ మిల్లీమీటరులో పదో వంతు కంటే ఎక్కువ కదులుతూ ఉంటే, ఎముకకు బదులు మెత్తటి పీచు కండ పెరిగే ప్రమాదం ఉంది. అలా జరిగితే స్క్రూ తీసేయవలసిందే.

పూర్వం స్క్రూలు నున్నగా ఉండేవి. నున్నటి కాంక్రీటుకు ప్లాస్టరింగ్ పట్టదని మేస్త్రి గాట్లు పెడతాడు కదా! అదే విధంగా ఇప్పుడు స్క్రూ పైభాగాన్ని సన్నని గరుకు పొడితో కొట్టి, ఆమ్లంతో శుద్ధి చేస్తారు. ఆ గరుకు మిల్లీమీటరులో వెయ్యో వంతు లేదా రెండు వంతులు మాత్రమే, కంటికి కనపడదు. కాని రక్తపు గడ్డ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. నున్నటి స్క్రూకు కింది దవడలో మూడు నెలలు, పై దవడలో ఆరు నెలలు ఆగేవారు. ఇప్పుడు ఎముక బాగుంటే ఆరు నుండి ఎనిమిది వారాలు చాలవచ్చు.

ఆకారం కూడా ముఖ్యమే. పై దవడ వెనుక భాగంలో ఎముక మెత్తన. అక్కడ మొన వైపు సన్నబడే, లోతైన మరలున్న స్క్రూ బాగా పట్టుకుంటుంది. రంధ్రం చేసేటప్పుడు వేడి 47 డిగ్రీలు దాటి ఒక నిమిషం ఉంటే ఎముక కణాలు చనిపోతాయి, అందుకే సెలైన్ నీళ్ళు పోస్తూ చేస్తారు.

మన ఉమ్మడి నల్లగొండ జిల్లాకు ఫ్లోరైడ్ సంగతి చెప్పనక్కరలేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళూ ఎముకలూ దెబ్బతింటాయి. చిత్రమేమంటే, 2000 తర్వాత వచ్చిన ఒక రకం స్క్రూ పైభాగాన్ని ఎముక త్వరగా పట్టడానికి ఫ్లోరైడ్‌తోనే శుద్ధి చేస్తారు! అది అతి స్వల్పం, దానితో భయం లేదు. మీ పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు, నడుము బిగుసుకుపోవడం ఉంటే మాత్రం డాక్టరుకు ముందే చెప్పండి. ఎముకను ఎక్స్‌రేలో చూసి నిర్ణయిస్తారు.

ఎంత మంచి స్క్రూ అయినా బీడీ, చుట్ట, అదుపులో లేని షుగరు ముందు ఓడిపోతుంది. ఎముకలు గుల్లబారినందుకు, లేక క్యాన్సరుకు ఎముకల ఇంజక్షన్లు తీసుకున్నవారు ఆ చీటీలు దాచకుండా చూపించాలి. చిగురు జారి గరుకు భాగం బయటపడితే పాచి సులువుగా పడుతుంది, కాబట్టి స్క్రూ పన్నును కూడా రోజుకు రెండుసార్లు తోమవలసిందే.

ఇంటికి వచ్చే ముందు స్క్రూ కంపెనీ పేరు, పొడవు, మందం కార్డు మీద రాయించుకోండి. పదేళ్ళ తర్వాత పైభాగం వదులైతే, ఆ కంపెనీ విడిభాగమే సరిపోతుంది.