పేరు బాగుంటే భాష నిలుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో ఏడు. పేరు వినసొంపుగా ఉన్న ప్రోగ్రామింగ్ భాషే నేర్చుకుంటానంటోంది. పేరుకు అంత బలముందా?

జవాబు: కొంత ఉందండీ, ముఖ్యంగా మొదట్లో. జావాస్క్రిప్ట్ కథే చూడండి. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ దాన్ని రూపొందించినప్పుడు లోపల మోకా అనేవారు. తర్వాత లైవ్‌స్క్రిప్ట్ అయింది. అప్పట్లో సన్ కంపెనీ వారి జావా పేరు మారుమోగుతోంది. ఆ ఊపు అందుకోవాలని డిసెంబరులో రెండు కంపెనీలూ కలిసి ఇప్పటి పేరు ఖాయం చేశాయి. నిజానికి ఈ రెండు భాషల నిర్మాణమే వేరు. పేరు ప్రచారంతో పాటు గందరగోళమూ తెచ్చింది: జావా వస్తే జావాస్క్రిప్ట్ వచ్చినట్టేనని నేటికీ అనుకునేవారున్నారు! 1997లో వెలువడిన ఈ భాష ప్రమాణానికి ఎక్మాస్క్రిప్ట్ అని పేరు పెట్టారు. ఆ పేరు వాడుకలో నిలవలేదు, భాషకు నష్టమూ రాలేదు. ఎందుకంటే ప్రతి బ్రౌజర్లోనూ నడిచే భాష అదే. దాన్ని నిలబెట్టింది ఆ సౌకర్యమే.

సి భాషది ఒక్క అక్షరం. 1970ల నుంచి చెక్కుచెదరలేదు. గూగుల్ వారి గో మాత్రం ఇంటర్నెట్ వెతుకులాటలో ఇబ్బంది పెడుతుంది, అందుకే చాలామంది గోలాంగ్ అని టైపు చేస్తారు. పైథాన్ పాము పేరనుకుంటారు గానీ, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం పేరది.

మీ అమ్మాయికి వెబ్‌సైట్లంటే ఇష్టమైతే జావాస్క్రిప్ట్, డేటా పనులైతే పైథాన్ మొదలుపెట్టమనండి.