ఎడారిలో నిధి – చూసినవారి అభిప్రాయాలు

పిల్లలూ! జూలై నెలలో కాల్గరీ నగరం ఎలా ఉంటుందో మీకు తెలుసు. 1912లో మొదలైన స్టాంపీడ్ ఉత్సవం వచ్చిందంటే చాలు, బ్యాంకులో పనిచేసేవారు కూడా వెడల్పాటి అంచుల టోపీ పెట్టుకొని తిరుగుతారు. కౌబాయ్ అంటే గుర్రమెక్కి పశువులను తోలే కాపరి. కాల్గరీ చుట్టుపక్కల పశువులను పెంచేవారికి గుర్రపు స్వారీతో ఈనాటికీ పని ఉన్నది. కాబట్టి ఆ టోపీ మీకు వింత కాదు.

అదే టోపీ పెట్టుకొని, నడుముకు తుపాకి కట్టుకొని, ఒక తెలుగు కథానాయకుడు గుర్రం మీద వస్తే? మీలో కొందరు నవ్వుతారు. ఆ సమయంలో మీ తాతగారు పక్కనే కూర్చొని ఉంటే ఆయన మనసు చివుక్కుమనవచ్చు. ఆయన చిన్నతనంలో కళ్లు పెద్దవి చేసుకొని చూసిన చిత్రం అదే కావచ్చు మరి.

ఆ చిత్రం పేరు "మోసగాళ్లకు మోసగాడు". 1971 ఆగస్టు 27న విడుదలయింది. కృష్ణ కథానాయకుడు, విజయనిర్మల కథానాయిక. నాగభూషణం, సత్యనారాయణ కూడా నటించారు. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. చిత్రానికి రచన చేసినవారు ఆరుద్ర. "సమగ్ర ఆంధ్ర సాహిత్యం" అనే పెద్ద గ్రంథం రాసిన కవి ఆయనే! తెలుగులో మొదటి కౌబాయ్ చిత్రం ఇదే. దీనిని తరువాత ఇంగ్లీషులోకి మార్చి "ట్రెజర్ హంట్" అనే పేరుతో విదేశాలలోనూ ప్రదర్శించారు.

కథలో ఒక నిధి ఉన్నది. దాని వెంట పడినవారు ఎందరో ఉన్నారు. ఒకరిని ఒకరు నమ్మించి, ఒకరిని ఒకరు ముంచుతారు. చిత్రం పేరులోనే కథంతా ఉన్నది. ఇంతకు మించి చెప్పను. చూడబోయే వారికి రుచి పోతుంది.

ఈ చిత్రంలోని ముఖ్యమైన దృశ్యాలు రాజస్థాన్ ఎడారిలో తీశారు. తెలుగుదేశంలో ఏళ్లూ కొండలూ సముద్రమూ ఉన్నాయి గాని, అటువంటి ఇసుక ఎడారి లేదు. ఆ రోజులలో చాలా తెలుగు చిత్రాలు ఇంకా నలుపు తెలుపులలోనే వస్తున్నాయి. అటువంటప్పుడు తెరనిండా రంగులలో ఇసుక, దాని మీద గుర్రాల పరుగు! ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి చూపిన ఆ ఎడారి అప్పటి ప్రేక్షకులకు ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోండి.

పేరాశ కథకు ఎడారే ఎందుకు? మీరు డ్రంహెల్లర్‌కు వెళ్లి ఉంటే కొంత తెలుస్తుంది. కాల్గరీకి ఈశాన్యంగా సుమారు గంటన్నర ప్రయాణం. అక్కడి బ్యాడ్‌లాండ్స్ నిజమైన ఎడారి కాదు. అయినా వేసవి మధ్యాహ్నం ఆ చారల మట్టిగుట్టల నడుమ నిలబడితే మొదట వెతికేది నీళ్ల సీసానే. ఎడారిలో నీరు లేదు, నీడ లేదు, పిలిస్తే పలికేవారు లేరు. పోలీసు లేడు, సాక్షి లేడు. మనిషి మంచి తన అంతట తానే కాపాడుకోవాలి. అందుచేత దాహమూ పేరాశా పక్కపక్కనే నిలిచి, ఏది గెలుస్తుందో తేలిపోతుంది.

దీనికి చక్కని ఉదాహరణ ఒక ఇటలీ దర్శకుని చిత్రంలో ఉన్నది. "ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ" అని దాని పేరు. 1966లో సెర్జియో లియోనె తీశారు. అది మీ వయసుకు తగినది కాదు కాబట్టి ఒక్క ఘట్టం మాత్రం చెబుతాను. రెండు లక్షల డాలర్ల బంగారం ఒక శ్మశానంలో పాతి ఉన్నది. ఆ రహస్యం తెలిసిన సైనికుడు ఎడారిలో ప్రాణం పోతూ, ఒక దొంగకు శ్మశానం పేరు చెప్పి నీళ్లు అడుగుతాడు. దొంగ నీళ్లకోసం పరుగెత్తుతాడు. తిరిగి వచ్చేసరికి సైనికుడు చనిపోయాడు. సమాధి మీద పేరేమిటో మాత్రం ఇంకొకడి చెవిన పడింది. ఇక ఒకడికి ఊరు తెలుసు, ఇంకొకడికి ఇల్లు తెలుసు అన్నట్లయింది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు, అయినా ఒకరిని ఒకరు బతికించుకోక తప్పదు!

మన తెలుగు చిత్రానికి ఆ చిత్రమూ, 1969లో వచ్చిన "మెకన్నాస్ గోల్డ్" అనే అమెరికా చిత్రమూ ప్రేరణ. ఇది తెలిసిన పిల్లవాడు, "అయితే అంతా కాపీయే!" అంటాడు. తాతగారు, "అప్పట్లో అటువంటి సినిమా మన భాషలో లేదురా!" అంటారు. ఇద్దరి మాటా నిజమే. కాని పిల్లవాడు చెప్పింది కథ ఎక్కడి నుండి వచ్చిందో. తాతగారు చెప్పింది అది ఎప్పుడు వచ్చిందో. చిత్రం ఎలా ఉన్నదో ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఎరువు తెచ్చిన కథ అంటే చిన్నచూపు ఎందుకో నాకు అర్థం కాదు. జాతక కథలలో వేదబ్భ జాతకమని ఒకటి ఉన్నది. ధనరాశి కోసం దొంగల గుంపులు కొట్టుకొని చస్తాయి. చివరకు ఇద్దరు మిగులుతారు. ఒకడు ధనానికి కాపలా ఉంటాడు. రెండవవాడు ఊళ్లోకి వెళ్లి అన్నం వండి, అందులో విషం కలిపి తెస్తాడు. కాపలావాడు వాణ్ణి కత్తితో నరికి, తృప్తిగా అన్నం తిని, తానూ చస్తాడు. దాదాపు ఇదే కథను 14వ శతాబ్దిలో చాసర్ అనే ఇంగ్లీషు కవి ముగ్గురు తాగుబోతుల మీద పెట్టి చెప్పాడు. మన దేశపు కథ అంత దూరం నడిచి వెళ్లగా లేనిది, గుర్రమెక్కిన కథ ఒకటి మన దగ్గరికి వస్తే తప్పేమిటి? తెచ్చుకున్నవారు దానిని ఎంత బాగా చెప్పారన్నది అడగండి, అది న్యాయమైన ప్రశ్న.

అభిప్రాయాలు చోటును బట్టి కూడా మారుతాయి. "మెకన్నాస్ గోల్డ్" సొంత దేశంలో అంతగా ఆడలేదు. మన దేశంలో జనం విరగబడి చూశారు. లియోనె చిత్రాలను మొదట కొందరు విమర్శకులు ఇటలీ వారి సేమియా వంటకం పేరు పెట్టి వెక్కిరించారు. ఈనాడు వాటిని సినిమా విద్యార్థులు పాఠంగా చదువుతున్నారు. ఆ చిత్రంలో నటించిన క్లింట్ ఈస్ట్‌వుడ్, తరువాత కాల్గరీకి దక్షిణాన లాంగ్‌వ్యూ దగ్గర ఒక ఊరి సెట్టు వేయించి "అన్‌ఫర్‌గివెన్" తీశారు. 1992లో విడుదలైన ఆ చిత్రానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

మీరు అభిప్రాయం రాయవలసి వచ్చినప్పుడు "బాగుంది", "బాగాలేదు" అని ఆగిపోకండి. "దురాశ దుఃఖానికి చేటు" అని రాస్తే మార్కులు పడతాయేమో గాని, ఆ ముక్క చిత్రం చూడకుండానే రాయవచ్చు. ఎక్కడ బాగుందో చెప్పండి. ఏ ఘట్టంలో ఎవరి ముఖంలో ఆశ కనిపించింది? అక్కడ మాట ఉన్నదా, మౌనమా? మీరు ఎవరి పక్షాన ఉన్నారు? ఇక్కడ ఒక చిక్కు ఉన్నది: ఇటువంటి చిత్రాలలో మోసగాడే కథానాయకుడు. వాడు గెలవాలని మనమే కోరుకుంటాం. నిధి దొరికే సమయానికి తెరమీది వారితోపాటు మనమూ కుర్చీలో ముందుకు వంగుతాం. అలా వంగితే, ఆ సంగతి కూడా దాచకుండా రాయండి.

కృష్ణ 2022 నవంబరు 15న కన్నుమూశారు. తరువాతి సంవత్సరం ఆయన పుట్టినరోజున, అంటే 2023 మే 31న, "మోసగాళ్లకు మోసగాడు" చిత్రాన్ని కొత్త హంగులతో శుభ్రపరచి మళ్లీ విడుదల చేశారు. యాభై రెండు సంవత్సరాల తరువాత!

మీ ఇంట్లో పెద్దలతో కలిసి ఈ చిత్రం చూడండి. చూసిన వెంటనే మీ అభిప్రాయం అయిదారు వాక్యాలలో రాసి మడిచి పెట్టండి. తరువాత తాతగారినో అమ్మమ్మగారినో అడగండి: మొదటిసారి ఏ ఊళ్లో చూశారు, ఎవరితో వెళ్లారు, ఏ దృశ్యం గుర్తున్నది? వారు చెప్పినది చెప్పినట్లే రాసుకోండి. "కథ గుర్తులేదమ్మా, గుర్రాలు గుర్తున్నాయి" అంటే అదే రాయండి, దిద్దకండి. రెండు కాగితాలూ వచ్చే తరగతికి పట్టుకురండి.